పరాయి దేశపు పల్లెలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: ఊరి సంఘాలను అధ్యయనం చేయడం ఎలా?

వేరే దేశంలో ఒక పల్లెకు వెళ్ళి అక్కడి నీటి సంఘాన్నో, అటవీ కమిటీనో, పొదుపు సంఘాన్నో, గ్రామ మండలినో అధ్యయనం చేసే అవకాశం వచ్చిందనుకోండి. చేతిలో ఉండేది మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. అందులో మొదటి వారం దారులు తెలుసుకోవడంలోనే పోతుంది. చివరి వారం సర్దుకోవడంలో, వీడ్కోళ్ళలో పోతుంది. మధ్యలో కోతలు వచ్చాయంటే ఊళ్ళో మనుషులే దొరకరు. అందుకే ఇక్కడ చెప్పేదంతా తక్కువ రోజుల్లో ఒక ఊరి సంస్థ లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలన్న దాని గురించే.

నా సలహా ఒక్కటే. సంఘం నియమావళి పట్టుకుని కూర్చోకండి. నియమం తప్పిన రోజున ఏం జరిగిందో వెతకండి. తప్పింది ఎవరు, పట్టుకుంది ఎవరు, జరిమానా ఎంత వేశారు, చివరికి అది కట్టారా లేదా? ఈ నాలుగూ తెలిస్తే ఆ సంఘంలో మాట చెల్లేది ఎవరిదో తెలిసిపోతుంది. ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా కాగితం మీద ఉన్న నియమాలనూ, జనం నిజంగా పాటించే నియమాలనూ వేరు చేసి చూడమనే చెప్పింది. ఇంటర్న్‌షిప్‌లో మీరు చేయగలిగింది ఆ రెండో రకం నియమాల్లో ఒకటి పట్టుకుని దాని వెంట పోవడం.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"గ్రామీణ పాలనలో ప్రజల భాగస్వామ్యం" అని ప్రపోజల్ రాస్తే ప్రొఫెసర్ ఒప్పుకోవచ్చు. కానీ ఊళ్ళో దిగాక ఆ మాట పట్టుకుని ఎవరినీ ఏమీ అడగలేరు. ఒక సంఘం, ఒక నియమం, ఒక రకం తగాదా అన్నంత వరకు కుదించండి. కాలువ చివర పొలాలున్నవాళ్ళకు నీళ్ళు అందకపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు? కట్టెలు కొట్టుకోవడానికి అడవి తెరిచే రోజులు ఎవరు నిర్ణయిస్తారు, ఆ రోజుల్లో కాకుండా మధ్యలో అవసరం పడ్డవాళ్ళు ఏం చేస్తారు? పొదుపు సంఘంలో వాయిదా కట్టలేకపోయిన మనిషి వచ్చే నెల మీటింగ్‌కి వస్తుందా?

స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరుంది. చలికాలమంతా సొంత మేతతో ఎన్ని ఆవులను సాకగలరో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చికకు తోలాలని ఆ ఊరివాళ్ళు 1517లోనే రాసుకున్నారు. ఈ ఒక్క నియమం చుట్టూ ఎన్ని ప్రశ్నలు పుడతాయో చూడండి. ఆవులను ఎవరు లెక్కపెడతారు? ఎప్పుడు? ఎక్కువ తోలినవాడిని ఆపేదెవరు? బయటినుంచి పొలం కొనుక్కున్నవాడికి పచ్చిక మీద హక్కు వస్తుందా? రాబర్ట్ నెట్టింగ్ అనే మానవశాస్త్రవేత్త ఆ ఊరి మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. మీకున్న వారాల్లో ఆ ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు తెచ్చినా మంచి పని చేసినట్టే.

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక దారి ఉంది. ఆ ఊరి మనిషి మీ ప్రశ్న వినగానే అతనికి ఏదో ఒక సంఘటన గుర్తుకు రావాలి. అభిప్రాయం మాత్రమే గుర్తుకొచ్చేలా ఉంటే, ఇంకా కుదించాలి.

2. ఎవరి నీడలో వెళ్తున్నారో చూసుకోండి

మిమ్మల్ని చేర్చుకునేది అక్కడి యూనివర్సిటీ కావచ్చు, పరిశోధనా కేంద్రం కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు. స్వచ్ఛంద సంస్థ ద్వారా వెళ్తే పని త్వరగా మొదలవుతుంది. బండి ఉంటుంది, దారి తెలిసిన మనిషి ఉంటాడు. ఇబ్బందల్లా ఏమిటంటే, అదే సంస్థ ఊళ్ళో రుణాలో విత్తనాలో ఇస్తూ ఉంటే మీరు కూడా ఆ సంస్థ మనిషే అవుతారు. "సంఘం ఎలా నడుస్తోంది?" అని అడిగితే "బ్రహ్మాండంగా నడుస్తోంది" అంటారు. అనక ఏమంటారు, వచ్చే విడత నిధులు మీ చేతిలో ఉన్నాయేమోనని వాళ్ళ అనుమానం. యూనివర్సిటీ దారి నెమ్మదిగా సాగుతుంది గానీ ఈ చిక్కు తక్కువ. రెండూ దొరికితే నేనైతే యూనివర్సిటీనే ఎంచుకోమంటాను.

ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ చిన్నగా ఉండాలి. మీ ప్రశ్న, ఎన్ని వారాలు ఉండగలరు, ఏ భాష ఎంత వచ్చు, వాళ్ళ ప్రాజెక్టుకు మీరు చేసిపెట్టగలిగింది ఏమిటి. డేటా ఎంట్రీయో, మ్యాపులు గీయడమో, పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించడమో, ఏదో ఒక నికరమైన పని చెప్పండి. వెళ్ళడానికి కనీసం ఐదారు నెలల ముందు రాయండి. ఒప్పుకున్నాక కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి: అక్కడ మీ పని చూసేది ఎవరు, దుబాసీకి డబ్బు ఎవరిస్తారు, సేకరించిన సమాచారం ఎవరిది, దాన్ని మీ థీసిస్‌లో వాడుకోవచ్చా. ఈ ఆఖరి ప్రశ్న మొదట్లో అడగడానికి మొహమాటపడితే చివర్లో గొడవవుతుంది.

డబ్బు కడితే చాలు, రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. పరిశోధన అనుమతి ఎవరి పేరు మీద ఉంది, ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ) ఆమోదం ఎక్కడిది అని అడగండి. తడబడితే వదిలేయండి.

3. అనుమతులు: పై నుంచి కింది దాకా

టూరిస్ట్ వీసా మీద వెళ్ళి ఇంటర్వ్యూలు చేసేద్దామని కొందరు అనుకుంటారు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. దొరికితే మీరు విమానం ఎక్కి వచ్చేస్తారు, మీకు సాయం చేసిన ఊరివాళ్ళు సంజాయిషీ చెప్పుకుంటూ ఉండిపోతారు. విదేశీ పరిశోధకులకు చాలా దేశాలు విడిగా అనుమతి పెట్టాయి. కెన్యాలో నాకోస్టి, టాంజానియాలో కోస్టెక్, ఇండోనేసియాలో బ్రిన్ అనే సంస్థలు వాటిని ఇస్తాయి. విద్యార్థి అయినా, ఇంటర్న్ అయినా మినహాయింపు ఉంటుందని ముందే అనుకోకండి. మిమ్మల్ని చేర్చుకునే సంస్థనే అడిగి, వాళ్ళ చేతే దరఖాస్తు కదిలించండి.

టాంజానియా సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ మెట్లన్నీ అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. కోస్టెక్ అనుమతి రాగానే పని అయిపోదు. ఇమిగ్రేషన్ దగ్గర నివాస పర్మిట్ తీసుకోవాలి. తర్వాత ఆ కాగితాలతో రీజియన్ ఆఫీసుకు వెళ్తే వాళ్ళు జిల్లాకు ఒక లేఖ రాస్తారు. జిల్లావాళ్ళు వార్డుకు, వార్డు అధికారి గ్రామ కార్యనిర్వహణాధికారికి. ప్రతి ఆఫీసులో సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టాలి, ఒక కాపీ ఇచ్చి రావాలి. కాబట్టి కాపీలు దండిగా తీసి పెట్టుకోండి. సంబంధిత అధికారి ఊళ్ళో లేడంటే ఆ మెట్టు దగ్గరే రెండు రోజులు ఆగిపోతారు. ఇదంతా దండగ అనిపిస్తుంది. కానీ మీరు చదవడానికి వచ్చిందే స్థానిక సంస్థల గురించి కదా. ఏ ఆఫీసు ఎవరికి రాస్తుంది, ఎవరి సంతకం లేకపోతే ఎవరు కదలరు అన్నది ఆ బల్లల ముందు కూర్చున్నప్పుడే నోట్ చేసుకోండి. అది మీ మొదటి ఫీల్డ్‌వర్క్.

ఎథిక్స్ కమిటీ ఆమోదం మీ యూనివర్సిటీ నుంచి ఒకటి, వెళ్ళే దేశం నుంచి ఇంకొకటి కావాల్సి రావచ్చు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటే పల్లెల్లో చాలామంది భయపడతారు. సంతకం అంటే వాళ్ళకు అప్పో, భూమి కాగితమో గుర్తొస్తుంది. అందుకని నోటిమాటతో సమ్మతి తీసుకునే వెసులుబాటు ముందే అడిగి పెట్టుకోండి. ఊళ్ళోకి వెళ్ళాక పద్ధతి మారిస్తే మళ్ళీ ఆమోదం తెచ్చుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. ఎవరైనా ప్రేమగా దేశవాళీ విత్తనాలో, మందు మొక్కలో ఇస్తే బ్యాగులో వేసుకుని రాకండి. జన్యు వనరులు, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. క్వారంటైన్ నిబంధనలు సరేసరి.

4. చట్టం చదవండి, పలకరింపు నేర్చుకోండి

చట్టం చదివితే ఊళ్ళో ఏమేం ఉండాలో ముందే ఒక జాబితా తయారవుతుంది. టాంజానియానే తీసుకుంటే, పద్దెనిమిదేళ్ళు నిండిన గ్రామస్తులందరూ గ్రామసభలో సభ్యులు. వాళ్ళు ఎన్నుకునే గ్రామ మండలిలో 15 నుంచి 25 మంది ఉంటారు, వాళ్ళలో కనీసం నాలుగో వంతు స్త్రీలు ఉండాలి. 1999 నాటి గ్రామ భూమి చట్టం ప్రకారం గ్రామ భూమి నిర్వహణ ఈ మండలిదే. ఛైర్మన్ ఓట్లతో వస్తాడు, కార్యనిర్వహణాధికారిని మాత్రం జిల్లా నియమిస్తుంది. ఒకరు ఊరికి జవాబు చెప్పాలి, ఒకరు జిల్లాకి. భూమి తగాదా వస్తే జనం ముందు ఎవరి గడప తొక్కుతారు? చట్టం చదివినవాళ్ళకే ఈ ప్రశ్న తడుతుంది.

చట్టంతో పాటు చరిత్ర కూడా చదవాలి. 1970లలో అదే దేశంలో చెల్లాచెదురుగా ఉన్న లక్షలాది కుటుంబాలను కొత్త ఊళ్ళకు తరలించారు. అలాంటి ఊళ్ళో "ఈ భూమి మొదట ఎవరిది?" అని తేలిగ్గా అడిగేస్తే, ఆ ప్రశ్న అక్కడ ఎంత బరువైందో తెలియకుండా అడిగినట్టే.

ఒక్కోసారి సంస్థ మీరు వెతికే చోట ఉండదు. ఇండోనేసియాలోని బాలిలో వరి పొలాలకు నీళ్ళు పంచే సుబక్ అనే రైతు సంఘాలు ఉన్నాయి. నీళ్ళు ఎప్పుడు వదలాలి, ఏ చెక్కలో ఎప్పుడు నాటాలి అన్నది నీటి ఆలయాల చుట్టూ జరిగే క్రతువులతో ముడిపడి ఉంటుంది. 1970లలో హరిత విప్లవం ఊపులో ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు నాటుకోమన్నారు. చీడలు పెరిగాయి, నీళ్ళు చాలలేదు. ఎగువ దిగువ పొలాలు కలిసి విరామం ఇస్తే పురుగుకు తిండి దొరకదని, ఆ సమన్వయం ఆలయాల ద్వారా జరుగుతోందని తర్వాత స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త పరిశోధనలో తేలింది. గుడిని "సంస్కృతి" అనే అధ్యాయంలోకి, కాలువను "సంస్థలు" అనే అధ్యాయంలోకి విడగొట్టేవాళ్ళకు ఇది కనిపించదు.

భాష పూర్తిగా రావాలంటే కుదరదు. కానీ పలకరింపులు, అంకెలు, వరసలు, నెలల పేర్లు, భూమినీ నీటినీ కొలిచే మాటలు వచ్చి తీరాలి. స్వాహిలీలో పెద్దవాళ్ళను "షికమో" అని పలకరిస్తారు, వాళ్ళు "మరహబా" అంటారు. అది అనకుండా సూటిగా ప్రశ్నలోకి దిగితే ఆ రోజు జవాబులు పొడిపొడిగా వస్తాయి. గడియారం లెక్క కూడా చూసుకోండి. స్వాహిలీలో గంటలు ఉదయం ఆరు నుంచి లెక్క. "నాలుగు గంటలకు మీటింగ్" అంటే పొద్దున పది. ఇథియోపియాలో గంటల లెక్క అంతే, పైగా క్యాలెండర్ మనం వాడేదానికంటే ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. అక్కడి రిజిస్టర్లలో తేదీలు రాసుకునేటప్పుడు ఇది మరిచిపోతే మొత్తం డేటా తలకిందులవుతుంది.

5. మొదటి వారం నడవండి

ముందు ఊరి పెద్దను కలవండి. తర్వాత, వీలైతే ఏదైనా మీటింగ్‌లో మిమ్మల్ని అందరికీ పరిచయం చేయమనండి. అక్కడ చెప్పాల్సింది: మీరెవరు, ఎవరి డబ్బుతో వచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు. ఏం తేలేరో కూడా అప్పుడే చెప్పేయండి. "నేను విద్యార్థిని. నా వల్ల రోడ్డు రాదు, బోరు రాదు, రుణం రాదు" అని మొదటి రోజే అనడం కష్టంగా ఉంటుంది. తర్వాత అనడం అంతకంటే కష్టం.

బస ఎక్కడో ఆలోచించి ఒప్పుకోండి. ఛైర్మన్ ఇంట్లో గది సౌకర్యంగానే ఉంటుంది, భద్రత కూడా. కానీ ఛైర్మన్‌తో పడనివాళ్ళు మీతో నోరు విప్పరు. తప్పనిసరై అక్కడే ఉండాల్సి వస్తే, మాట్లాడటానికి మాత్రం జనం ఇళ్ళకు మీరే వెళ్ళండి, వాళ్ళను మీ దగ్గరికి పిలిపించకండి.

బయటినుంచి వచ్చినవాళ్ళు పల్లెలో ఏం చూడరో గ్రామీణాభివృద్ధి మీద పని చేసిన రాబర్ట్ ఛాంబర్స్ 1980లలోనే రాశాడు. తారు రోడ్డు పక్క ఇళ్ళు చూస్తారు, లోపలి ఇళ్ళు చూడరు. ప్రాజెక్టు ఉన్న చోటుకే వెళ్తారు. మగవాళ్ళతో, పెద్దలతో, సంఘంలో ఉన్నవాళ్ళతో మాట్లాడతారు. ఎండాకాలంలో వస్తారు, వానలప్పుడు దారులు తెగి జనం ఆకలిగా ఉండే రోజుల్లో రారు. సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే విద్యార్థికి ఈ లోపాలన్నీ అతికినట్టు సరిపోతాయి. అందుకే మొదటి వారం పని నడక. నీటి సంఘం అయితే కాలువ మొదలు నుంచి చివరి మడి దాకా, ఎగువ రైతుతో ఒకసారి, దిగువ రైతుతో ఒకసారి. అడవి అయితే కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళ వెంట. వాళ్ళు ఆగిన చోట ఆగండి, చుట్టూ తిరిగి వెళ్ళిన చోట ఎందుకని అడగండి.

నేల మీద కర్రతో ఊరి మ్యాప్ గీయమనండి. ఆడవాళ్ళు గీసిందీ, మగవాళ్ళు గీసిందీ, పశువులు కాసేవాళ్ళు గీసిందీ ఒకలా ఉండవు. ఒకరి మ్యాపులో ఉండి ఇంకొకరి మ్యాపులో లేని బావి దగ్గరే మీ ప్రశ్నకు జవాబు దొరకవచ్చు.

6. పుస్తకాలు అడిగి చూడండి

నా లెక్కలో ఈ పనికి అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది మినిట్స్ పుస్తకం. చాలామంది ఇంటర్న్‌లు దాన్ని అడగనే అడగరు. అడిగినవాళ్ళు కూడా నాలుగు పేజీలు ఫోటో తీసుకుని మరిచిపోతారు. ముందు కార్యదర్శి అనుమతి, వీలైతే కమిటీ అనుమతి తీసుకోండి. ఫోటోలకు విడిగా అడగండి. వద్దంటే అక్కడే కూర్చుని చదివి రాసుకోండి. కార్యదర్శి పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది, ప్రతి పేజీకీ ఒక కథ చెబుతాడు.

చదివేటప్పుడు చూడాల్సినవి కొన్ని. ఒకే తీర్మానం మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది అమలు కాలేదని అర్థం. "పశువులను ఉమ్మడి తోటలోకి వదలరాదు" అని మూడేళ్ళలో ఐదుసార్లు తీర్మానించారంటే పశువులు తోటలోనే ఉన్నాయి. హాజరు సంతకాలు ఒకే చేతిరాతలో ఉన్నాయా? ఆర్నెల్ల పాటు పుస్తకం ఖాళీగా ఉంటే అప్పుడు ఏం జరిగింది? ఎన్నికలా, కరువా, కోశాధికారి మారాడా? జరిమానా వేసినట్టు మినిట్స్‌లో ఉండి, నగదు పుస్తకంలో జమ లేకపోతే ఆ డబ్బు ఏమైంది? ఈ చివరి ప్రశ్నను పోలీసులా అడగకండి. అది మాఫీ అయి ఉండవచ్చు, ధాన్యంగా కట్టి ఉండవచ్చు, పనిగా చేసి ఉండవచ్చు, నిజంగానే ఎవరో తినేసి ఉండవచ్చు. మొదటి మూడూ మీ పరిశోధనకు నాలుగోదానికంటే తక్కువేమీ కావు.

దొరికిన ప్రతి ఉల్లంఘనకూ ఒక వరుస రాసుకుంటూ పోండి: తేదీ, ఏ నియమం, తప్పినవారి స్థితి, పట్టుకున్నది ఎవరు, వేసిన శిక్ష, నిజంగా పడిన శిక్ష, ఆ తర్వాత ఆ మనిషి సంఘంలో ఉన్నారా. ఇరవై ముప్పై వరుసలు తయారైతే మీ రిపోర్టుకు వెన్నెముక దొరికినట్టే. మొదటి తప్పుకు మందలింపు, మళ్ళీ చేస్తే జరిమానా, ఆపైన వెలి అన్నట్టు శిక్ష మెట్లు మెట్లుగా పెరుగుతోందా చూడండి. చాలాకాలం నిలిచిన ఉమ్మడి వ్యవస్థల్లో ఇది కనిపిస్తుందని ఆస్ట్రమ్ గుర్తించింది.

పుస్తకానికి ఎక్కని శిక్షలూ ఉంటాయి. జపాన్ పల్లెల ఉమ్మడి అడవుల్లో కాపలావాళ్ళు తప్పు చేసినవాళ్ళ దగ్గర డబ్బు, సాకే అనే బియ్యపు మద్యం తీసుకుని తామే వాడుకునేవారు. ఊరికి అదేమీ తప్పుగా తోచలేదు. స్పెయిన్‌లోని వాలెన్సియా నీటి న్యాయస్థానం ప్రతి గురువారం మధ్యాహ్నం కెథడ్రల్ గుమ్మం ముందు కూర్చుంటుంది, విచారణంతా నోటిమాటగానే సాగుతుంది. అలాంటి చోట పుస్తకాల కోసం వెతకడం కంటే వెళ్ళి నిలబడి వినడమే పని.

7. మీటింగ్‌లో కూర్చోండి, మాట్లాడకండి

ఎవరెక్కడ కూర్చున్నారో ఒక బొమ్మ గీసుకోండి. ఎవరు మాట్లాడారు, ఎవరి మాట తీర్మానంలోకి ఎక్కింది, ఎవరు మాట్లాడగానే మిగతావాళ్ళు ఫోన్లు చూసుకున్నారు అన్నది రాసుకోండి. మీటింగ్ మొదలవక ముందు గుమ్మం దగ్గర, అయిపోయాక చెట్టు కింద జరిగే మాటలు లోపలి మాటలకంటే ముఖ్యం. చాలా నిర్ణయాలు మీటింగ్‌కి ముందే అయిపోయి ఉంటాయి.

స్త్రీలు ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టి ఊరుకోవద్దు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ భారత్, నేపాల్ అటవీ సంఘాల మీద చేసిన పనిలో, కమిటీలో స్త్రీలు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నప్పుడే వాళ్ళు గట్టిగా మాట్లాడటం పెరుగుతోందని చూపించింది. ఒకరిద్దరు ఉన్న చోట వాళ్ళు ఎందుకు మాట్లాడరో ఇంటికి వెళ్ళి అడగాలి.

"మీరు చదువుకున్నవాళ్ళు, మీరేమంటారు?" అని మిమ్మల్నే అడిగే రోజు వస్తుంది. నవ్వి తప్పించుకోండి. ఒక్కసారి పక్షం తీసుకుంటే రెండో పక్షం ఇళ్ళు మీకు మూసుకుపోతాయి.

8. "పోయినసారి ఏమైంది?" అని అడగండి

"వంతు తప్పి నీళ్ళు పెట్టుకుంటే ఏం చేస్తారు?" అని అడిగితే "జరిమానా వేస్తాం" అంటారు. అది నియమావళిలో మీరు ఇదివరకే చదివిన ముక్క. "పోయినసారి ఎవరు తప్పారు?" అని అడిగి చూడండి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఎవరో నవ్వుతారు, అసలు కథ అక్కడ మొదలవుతుంది. మామూలుగా ఏం చేస్తారని కాకుండా, పోయినసారి ఏం జరిగిందని అడగడం అలవాటు చేసుకోండి. తర్వాత ఏమైంది, అప్పుడు అక్కడ ఎవరున్నారు, ఆ మనిషి ఏమన్నాడు అని మెల్లగా ముందుకు పోండి.

నేపాల్ కాలువల కథ చూస్తే ఇలా అడగడం ఎందుకో తెలుస్తుంది. రైతులే కట్టుకుని నడుపుకునే కాలువల్లో చివరి పొలాలకు నీళ్ళు అందడం, పంట ఎక్కువసార్లు వేయడం ప్రభుత్వ కాలువలకంటే మెరుగ్గా ఉందని అక్కడి పరిశోధనల్లో తేలింది. కారణాల్లో ఒకటి వింతగా ఉంటుంది. మట్టి, రాళ్ళు, కొమ్మలతో కట్టిన అడ్డుకట్ట వరదకు కొట్టుకుపోతుంది, దాన్ని మళ్ళీ కట్టాలంటే దిగువ రైతుల శ్రమ ఎగువవాళ్ళకు కావాలి. ఆ అవసరమే దిగువవాళ్ళకు బేరమాడే బలం ఇచ్చింది. సిమెంటు కట్ట వచ్చాక ఆ అవసరం తగ్గింది, నీటి వాటా కూడా తగ్గే ప్రమాదం వచ్చింది. "పోయినేడు కట్ట బాగుకు ఎవరెవరు వచ్చారు?" అనే మామూలు ప్రశ్నతోనే ఇలాంటిది బయటపడుతుంది.

కనీసం మూడు చోట్ల నుంచి వినండి: పదవిలో ఉన్నవారు, మామూలు సభ్యులు, సంఘంలో చోటు లేనివారు. కౌలు రైతులు, వలస వచ్చినవాళ్ళు, చందా కట్టలేక పేరు తీసేయించుకున్నవాళ్ళు ఈ మూడో గుంపులో ఉంటారు. మాజీ కార్యదర్శులను మాత్రం వదలకండి. లోగుట్టు అంతా తెలుసు, ఇప్పుడు దాచాల్సిన అవసరం లేదు, కొంచెం అక్కసు కూడా ఉంటుంది. ఆ అక్కసును తీసేసి వినాలి, అంతే.

దుబాసీ ఎంపిక మీద మీ పని సగం ఆధారపడి ఉంటుంది. ఊరి పెద్ద కొడుకో, పార్టీ కార్యకర్తో వద్దు. పక్క ఊరి టీచరో, చదువుకుంటున్న అమ్మాయో నయం. స్త్రీలతో మాట్లాడటానికి స్త్రీ ఉండటం మంచిది. "ఆయన ఏదో నీళ్ళ గురించి చెబుతున్నాడు" అని సారాంశం చెప్పొద్దని, ఆయన అన్నది అన్నట్టు "నేను" అంటూ చెప్పమని మొదటి రోజే నేర్పండి. సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆ రోజు విన్నది మళ్ళీ ఒకసారి చెప్పుకోండి. దుబాసీకి అప్పుడు గుర్తొచ్చే చిన్న చిన్న సంగతులు రికార్డర్‌లో ఉండవు.

ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో అనొద్దు. నిజమా కాదా అని సరిచూసుకోవడానికి కూడా వద్దు. "అలా అన్నారట కదా" అన్న ఒక్క మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

9. డబ్బు, బహుమతులు

ఇంటర్వ్యూకి డబ్బు ఇవ్వాలా అన్నది అక్కడి పర్యవేక్షకుణ్ణి అడిగి, అందరికీ ఒకే పద్ధతి పాటించండి. మీటింగ్‌కి పిలిస్తే భత్యం ఇచ్చే అలవాటు కొన్ని దేశాల్లో ప్రాజెక్టుల వల్ల బాగా పాతుకుపోయింది, మీరు దాన్ని మార్చలేరు. దుబాసీకి, వంట చేసిపెట్టే ఇంటికి మాత్రం సరైన కూలి, సమయానికి ఇవ్వాలి. విద్యార్థినని బేరమాడకండి. వెళ్ళేటప్పుడు ఇవ్వడానికి ఫోటోలు ప్రింట్ వేయించి తీసుకెళ్తే చాలామంది సంతోషిస్తారు.

10. నోట్స్ అదే రోజు రాయాలి, కాపీ వేరే చోట ఉండాలి

పగలు ముక్కలు ముక్కలుగా రాసుకున్నది రాత్రి పడుకునే ముందు పూర్తి వాక్యాల్లో రాయండి. రెండు రోజులు వాయిదా వేస్తే "రైతు కోపంగా ఉన్నాడు" అన్నది మిగులుతుంది, ఏ మాటకు కోపం వచ్చిందో పోతుంది. విన్నది, చూసింది, మీకు అనిపించింది మూడూ వేరు వేరుగా కనపడేలా రాయండి. సర్వే ఫారాలుంటే కోబో టూల్‌బాక్స్ లాంటి యాప్‌లు నెట్ లేకపోయినా ఫోన్‌లో పని చేస్తాయి, సిగ్నల్ దొరికినప్పుడు పంపుకోవచ్చు.

మైసూరు దగ్గరి రాంపుర అనే ఊరి మీద పని చేసిన సామాజికశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ తన విశ్లేషణ నోట్స్ మూడు కాపీలూ ఒకే చోట ఉంచుకున్నారు. 1970లో స్టాన్‌ఫోర్డ్‌లో ఆ భవనానికి ఎవరో నిప్పు పెట్టడంతో మూడూ కాలిపోయాయి. ఆయన చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాయగలిగారు, గొప్పగా రాశారు. మీరూ నేనూ అలా రాయలేం. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పాస్‌వర్డ్ ఉన్న డ్రైవ్‌లో ఒకటి, ఊరి బయట ఇంకొకటి. పేర్లకు కోడ్ వేసి, ఆ కోడ్ జాబితాను నోట్స్‌తో కలిపి ఉంచకండి.

11. ఆరోగ్యం, ఒంటరితనం

టీకాలు, మలేరియా మాత్రలు, ఇన్సూరెన్స్ సంగతి బయల్దేరడానికి రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడో, రాత్రిపూట బండి ఎవరిదో మొదటి రోజే తెలుసుకోండి. మూడు నాలుగు వారాల్లో "నాకేమీ దొరకడం లేదు" అన్న టెన్షన్ చాలామందికి వస్తుంది. అప్పుడు పర్యవేక్షకుడికి రెండు పేజీలు రాసి పంపండి. రాస్తుంటే ఏం దొరికిందో మీకే కనిపిస్తుంది. ఒక మనిషి దగ్గరో, ఒక ఇంట్లోనో ఇబ్బందిగా అనిపిస్తే డేటా కోసం భరించకండి. ఊరు మారండి, ప్రశ్న మార్చండి, అవసరమైతే వచ్చేయండి.

12. వెళ్ళే ముందు ఊరికి చెప్పండి

చివరి పది రోజుల్లో కొత్త ఇంటర్వ్యూలు ఆపి, తెలుసుకున్నది ఊళ్ళో చెప్పి చూడండి. కమిటీకి ఒకసారి, కమిటీలో లేనివాళ్ళకు విడిగా ఒకసారి. "మీరు తప్పు అర్థం చేసుకున్నారు" అని ఎవరైనా అంటే అది మీకు దొరికిన అదృష్టం, అడ్డుపడకుండా రాసుకోండి. వ్యక్తులకు సంబంధించిన కేసులు మాత్రం ఈ మీటింగ్‌లో ఎత్తకూడదు.

రిపోర్టులో పేర్లు మార్చినంత మాత్రాన మనుషులు దాగరు. ఊరి పేరు ఉండి "కోశాధికారి" అని రాస్తే అది ఒక్క మనిషే. అవసరమైతే ఊరి పేరు మార్చండి, పదవి మార్చండి, రెండు సంఘటనలను విడివిడి చోట్ల చెప్పండి. ఏ నెలల్లో ఉన్నారో, ఏ రుతువు చూడలేదో, ఎవరితో మాట్లాడటం కుదరలేదో సూటిగా రాయండి. ఎనిమిది వారాల పనిని ఎనిమిది వారాల పనిలాగే చెప్పాలి.

ఇంటికి వచ్చాక ఆ ఊరి భాషలో రెండు పేజీల సారాంశం తయారు చేయించి గ్రామ ఆఫీసుకు, సంఘానికి, దుబాసీకి పంపండి. అనుమతి ఇచ్చిన సంస్థ తుది రిపోర్టు కాపీ అడిగి ఉంటే గడువులోపు పంపండి. మీరు పంపకపోతే అదే యూనివర్సిటీ నుంచి తర్వాత వెళ్ళే విద్యార్థి దరఖాస్తు దగ్గరే ఇబ్బంది పడవచ్చు. రికార్డింగులు ఎన్నాళ్ళు ఉంచుతామని ఎథిక్స్ ఫారంలో రాశారో చూసుకుని, ఆ గడువు దాటగానే మూడు కాపీలూ చెరిపేయండి.